ఎడమ చేతి రీలు ఎంపిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బాస్ చేపల వేటకు బేట్‌కాస్టింగ్ రీలు (గాలపు కర్రకు బిగించి దారం చుట్టే సాధనం) కొనదలచిన పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రెండు విషయాల చుట్టూ తిరిగాయి. హ్యాండిల్ ఏ వైపు ఉండాలన్నది మొదటిది, ఉన్న కొద్దిపాటి డబ్బును దేనిమీద పెట్టాలన్నది రెండవది. అందుచేత ఈసారి శీర్షికను పూర్తిగా ఆ రెండింటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నాది ఎడమచేతి వాటం. ఇన్నాళ్లూ స్పిన్నింగ్ రీలుతోనే చేపలు పట్టాను. బాస్ కోసం మొదటిసారిగా బేట్‌కాస్టింగ్ రీలు కొనాలనుకుంటున్నాను. రెండోసారి కొనే స్తోమత లేదు కాబట్టి కొన్నది సరైనదై ఉండాలి. ఎడమ చేతి రీళ్లని అమ్ముతున్నవి నాలాంటి వారి కోసం చేసినవేనా?

జవాబు: కాదు. కొనేముందే మీరు ఈ ప్రశ్న అడగడం చాలా మంచిదయింది. ఎడమ చేతి రీలు అంటే హ్యాండిల్ ఎడమ వైపున ఉండి, ఎడమ చేత్తో చుట్టవలసిన రీలు అని మాత్రమే అర్థం. అది ఎడమచేతి వాటం వారికి నప్పుతుందా లేదా అన్నది వేరే సంగతి. నిజానికి ఈ రీళ్లను కొనేవారిలో కుడిచేతి వాటం వారు చాలామంది ఉన్నారు. ఎందుకో తెలియాలంటే ఈ రీలు పని చేసే తీరును ఒకసారి చూడాలి.

స్పిన్నింగ్ రీలు కర్రకు కింది వైపు వేలాడుతుంది, విసిరినప్పుడు దారం చుట్టి ఉండే దాని స్పూలు తిరగదు, దారం దానంతట అదే చుట్లు చుట్లుగా జారిపోతుంది. బేట్‌కాస్టింగ్ రీలు కర్రకు పైన కూర్చుంటుంది, ఎర ముందుకు పోతుంటే దారంతోపాటు స్పూలు కూడా గిర్రున తిరుగుతుంది. ఆ తిరుగుడును అదుపు చేసేది కర్ర పట్టుకున్న చేతి బొటనవేలు. కాబట్టి ఏ చేత్తో విసురుతారో ఆ చేతి బొటనవేలికే ఎక్కువ పని. విసిరిన తర్వాత ఆ చేతిలోనే కర్ర ఉంచి రెండో చేత్తో చుట్టవచ్చు, లేదా కర్రను రెండో చేతికి మార్చుకుని, విసిరిన చేత్తోనే చుట్టవచ్చు. హ్యాండిల్ ఏ వైపు ఉండాలన్నది ఈ రెండింటిలో మీరు ఏది చేస్తారన్న దాన్ని బట్టి తేలుతుంది. మీరు ఏ చేత్తో రాస్తారు, ఏ చేత్తో భోంచేస్తారు అన్న దానితో దీనికి సంబంధం లేదు.

మీరు ఎడమ చేత్తో విసిరి, కర్రను ఎడమ చేతిలోనే ఉంచుకోదలిస్తే మీకు కావలసింది కుడి వైపు హ్యాండిల్ ఉన్న మామూలు రీలే. ఇది మీకు కలిసివచ్చే విషయం. కుడి హ్యాండిల్ రీళ్లు ప్రతి కంపెనీలోనూ, ప్రతి స్థాయిలోనూ దొరుకుతాయి, ధర తగ్గించి అమ్మేటప్పుడు వాటిలోనే ఎంపిక ఎక్కువగా ఉంటుంది, పాతవి కొనాలన్నా అవే ఎక్కువగా కనిపిస్తాయి. కుడిచేతి వాటం వారిలో చాలామంది ప్రతి విసురుకూ చేతులు మార్చుకుంటూ వాడే రీలును మీరు చేయి మార్చకుండా వాడుకోగలుగుతారు.

అయితే కుడి చేత్తో చుట్టడం మీకు ఇబ్బందిగా ఉందేమో ముందుగా తేల్చుకోవాలి. అందుకు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. మీ దగ్గరున్న స్పిన్నింగ్ రీలు హ్యాండిల్‌ను విప్పి రెండో వైపు బిగించుకోవచ్చు. దాదాపు అన్ని స్పిన్నింగ్ రీళ్లకూ ఆ సౌకర్యం ఉంటుంది. మొదట ఎడమ వైపు, తర్వాత కుడి వైపు పెట్టి కొన్నాళ్లపాటు మీ మామూలు వేటలోనే వాడి చూడండి. చుట్టే వేగం ఒకే తీరుగా ఉందా, కర్ర కొన ఊగుతోందా, ఎరకు చేప తగిలినట్టు అనిపించగానే ఏ చేత్తో లాగడానికి శరీరం ముందుకు వస్తోంది అన్నవి గమనించండి. చుట్టే చేయి తడబడితే కర్ర కొన హ్యాండిల్ తిప్పుడుకు తగ్గట్టు పైకీ కిందికీ ఆడుతుంది. కొన నిలకడగా ఉన్న అమరికే మీది. బేట్‌కాస్టింగ్ రీలుకు ఇలా హ్యాండిల్ వైపు మార్చే వీలు లేదు. గేర్లు, డ్రాగ్ (చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా జారనిచ్చే బిగింపు) ఒక వైపు పలకలోనూ, బ్రేకు రెండో వైపు పలకలోనూ అమర్చి ఉంటాయి కాబట్టి కొన్నది కొన్నట్టే ఉంటుంది. అందుకే ఈ పరీక్ష కొనకముందే చేయాలి.

ఎడమచేతి వాటం ఉన్నవారికి చిన్నప్పటి నుంచి ప్రతి పరికరం విషయంలోనూ ఎవరో ఒకరు "అలవాటు చేసుకో" అని చెబుతూనే ఉంటారు. ఇక్కడ ఆ మాట వినవలసిన అవసరం లేదు. రెండు వైపులా మంచి రీళ్లు ఉన్నాయి. మీ చేతులు ఏది కోరుతున్నాయో దాన్నే కొనండి.

ప్రశ్న: నాది కుడిచేతి వాటం. స్పిన్నింగ్ రీలును ఎప్పుడూ ఎడమ చేత్తోనే చుట్టాను. బేట్‌కాస్టింగ్ రీలు మాత్రం కుడి చేత్తో చుట్టడమే పద్ధతి అని తోటి వేటగాళ్లు అంటున్నారు. వారి మాట వినాలా?

జవాబు: అది కేవలం ఆనవాయితీ. 19వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలోని కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు, హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే స్పూలు అనేకసార్లు తిరిగే గేర్ల రీలును తయారు చేశాడు. నేటి బేట్‌కాస్టింగ్ రీలుకు మూలం అదే. ఆ తర్వాత చాలా కాలంపాటు మార్కెట్లో కుడి హ్యాండిల్ రీళ్లదే రాజ్యం. వేరేది దొరకనప్పుడు కుడి చేత్తో విసిరి, కర్రను ఎడమ చేతికి మార్చి, కుడి చేత్తో చుట్టడం అందరికీ అలవాటయింది, తరువాతి వారు వారిని చూసి నేర్చుకున్నారు.

మీ ఎడమ చేతికి చుట్టడం ముందే వచ్చు కాబట్టి ఎడమ హ్యాండిల్ రీలు తీసుకోండి. దీనివల్ల కలిగే లాభం జిగ్ (బరువైన తల ఉన్న కొక్కెం ఎర), మెత్తని ప్లాస్టిక్ పురుగు వంటి ఎరలు వాడేటప్పుడు బాగా తెలుస్తుంది. ఇవి నీటిలో పడి కిందికి జారుతున్నప్పుడే బాస్ చాలాసార్లు నోట కరుచుకుంటుంది. చేప లాగినట్టు కూడా తెలియదు. నీటిమీద వదులుగా ఉన్న దారం చిన్నగా ఎగిరిపడుతుంది, లేదా ఎర అడుగుకు చేరవలసిన సమయానికి ముందే దారం సాగడం ఆగిపోతుంది. ఆ క్షణంలో మీరు కర్రను ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకుంటూ ఉంటే, చేప ఎరను ఉమ్మేసి వెళ్లిపోయాక గాని మీకు సంగతి తెలియదు. ఒడ్డున పొదల కిందికీ, మునిగిన మానుల పక్కకీ దగ్గర నుంచి పదే పదే ఎరను జారవిడిచే వారికి ఒక రోజులో చేయి మార్చే పని ఎంత తగ్గుతుందో చెప్పనక్కరలేదు.

ఒక్కచోట మాత్రం పాత పద్ధతికి బలం ఉంది. లోతుకు దూసుకుపోయే పెద్ద క్రాంక్‌బైట్లను (లాగుతుంటే ఊగుతూ మునిగే చేప ఆకారపు గట్టి ఎరలను) గంటల తరబడి లాగాలంటే చుట్టే చేతిమీద బరువు ఎక్కువగా పడుతుంది, అప్పుడు బలమైన చేత్తో చుట్టడమే హాయి అనేవారు ఉన్నారు. జిగ్గులకు ఎడమ రీలు, లోతు క్రాంక్‌బైట్లకు కుడి రీలు ఉంచుకునే అనుభవజ్ఞులు కూడా ఉన్నారు. ఒకే రీలు కొనేవారు ఆ వేట కోసం ఇప్పుడే ఆలోచించవలసిన పని లేదు.

ప్రశ్న: ఎడమ రీలు కొంటే కర్ర కూడా ఎడమ చేతిదే కొనాలా?

జవాబు: అక్కరలేదు. బేట్‌కాస్టింగ్ కర్రకు ఎడమ, కుడి తేడా ఉండదు. దారం వెళ్లే ఉంగరాలు పై వైపున, వేలు పెట్టుకునే కొక్కీ కింది వైపున ఉంటాయి. ఏ వైపు హ్యాండిల్ ఉన్న రీలైనా దానిమీద కూర్చుంటుంది. స్పిన్నింగ్ కర్రమీద మాత్రం ఈ రీలును బిగించకండి. మొదటి కర్రగా 7 అడుగుల పొడవు, మీడియం హెవీ బలం, కొన వద్ద త్వరగా వంగే ఫాస్ట్ రకం తీసుకుంటే బాస్ వేటలో చాలా పద్ధతులకు సరిపోతుంది.

ప్రశ్న: తక్కువ ధర రీళ్ల పెట్టెల మీద బేరింగుల సంఖ్య, డ్రాగ్ కిలోలు పెద్ద అక్షరాలతో రాస్తున్నారు. ఒకదాని మీద బేరింగులు ఎక్కువ, మరొకదానికి డ్రాగ్ ఎక్కువ. ఎడమ హ్యాండిల్ రకాలు ఎలాగూ కొన్నే ఉన్నాయి. వాటిలో దేన్ని చూసి ఎంచుకోవాలి?

జవాబు: మీరు చెప్పిన ఆ రెండు అంకెలనూ పక్కన పెట్టి, ముందుగా బ్రేకును చూడండి. తక్కువ ధర రీళ్లలో అసలైన తేడా అక్కడే ఉంటుంది, కొత్తగా నేర్చుకునే వారు ఈ రీలును ప్రేమిస్తారా, విసిగి అటకెక్కిస్తారా అన్నది తేలేదీ అక్కడే.

ఎర గాలిలో నెమ్మదించినా స్పూలు అదే వేగంతో తిరుగుతూ ఉంటే, బయటికి పోవలసిన దానికన్నా ఎక్కువ దారం వదులవుతుంది, అది స్పూలు మీదే గూడు కట్టుకుంటుంది. దీన్ని ఆపడానికి బొటనవేలికి తోడుగా రీలులో ఒక బ్రేకు ఉంటుంది. ఇందులో ప్రధానంగా రెండు రకాలు. సెంట్రిఫ్యూగల్ బ్రేకులో చిన్న చిన్న దిమ్మలు స్పూలుతోపాటు తిరుగుతూ, వేగం పెరిగినకొద్దీ బయటికి నెట్టుకుని ఒక వలయానికి రాసుకుంటాయి. వేగం రెట్టింపయితే ఆ నెట్టుడు నాలుగింతలవుతుంది కాబట్టి, విసురు మొదట్లో ఇది గట్టిగా పట్టుకుని, చివర్లో దాదాపు వదిలేస్తుంది. మాగ్నెటిక్ బ్రేకులో అయస్కాంతాలు స్పూలును తాకవు. అల్యూమినియం స్పూలు వాటి ఎదురుగా తిరిగినప్పుడు అందులో పుట్టే విద్యుత్ ప్రవాహాలే తిరుగుడును అడ్డుకుంటాయి, ఆ అడ్డు వేగంతోపాటు నిదానంగా పెరుగుతూ తగ్గుతూ విసురు పొడవునా ఉంటుంది.

మొదటి రీలుకు నా ఓటు బయట చక్రం తిప్పి సవరించుకునే మాగ్నెటిక్ బ్రేకుకే. సెంట్రిఫ్యూగల్ బ్రేకు చెడ్డదని కాదు. అలవాటైన చేతిలో అది మరింత దూరం ఇస్తుంది. కానీ చవక రకాల్లో కొన్నిటికి బ్రేకు మార్చాలంటే పక్క పలక ఊడదీసి లోపలి దిమ్మలను ఒక్కొక్కటిగా జరపాలి. గాలి వాటం మారిన ప్రతిసారీ, ఎర మార్చిన ప్రతిసారీ తడి చేతులతో ఆ పని ఎవరూ చేయరు, చేయకపోతే చిక్కులు తప్పవు. రెండు రకాల బ్రేకులూ కలిపి ఇచ్చే మధ్యస్థాయి రీళ్లు మీ డబ్బుకు అందితే మరీ మంచిది. ఎలక్ట్రానిక్ బ్రేకు ఉన్నవి మీరు అడిగిన స్థాయికి పైన ఉంటాయి. వాటి కోసం కర్ర మీద, దారం మీద పెట్టవలసిన డబ్బును తగ్గించకండి. ఎడమ రీలులో బ్రేకు చక్రం కుడి పలక మీద ఉంటుంది. చుట్టేటప్పుడు రీలును అరచేత్తో పొదివి పట్టుకునేది కుడి చేయే కాబట్టి, ఆ చక్రం అరచేతి రాపిడికి దానంతట అది తిరిగిపోనంత బిగువుగా ఉందో లేదో కొనేటప్పుడు చూసుకోండి.

ఇక బేరింగుల సంగతి. 10+1 అని రాసి ఉంటే ఆ చివరి 1 హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ బేరింగు. మిగిలిన పదింటిలో స్పూలు ఇరుసుకు రెండు కొసలా ఉన్నవీ, హ్యాండిల్ ఇరుసును మోసేవీ ముఖ్యం. హ్యాండిల్ బుడిపెల్లో నాలుగు బేరింగులు పెట్టి లెక్క పెంచడం తేలిక, దానివల్ల ఎర ఒక్క అడుగు కూడా ఎక్కువ దూరం పోదు. నాలుగైదు మంచి బేరింగులు, గట్టి ఫ్రేము ఉన్న రీలు పది నాసిరకం బేరింగులున్న దానికన్నా ఎక్కువ కాలం మెత్తగా తిరుగుతుంది.

డ్రాగ్ విషయంలో కూడా పెద్ద అంకెకు ఆశపడనక్కరలేదు. ప్రపంచ రికార్డు లార్జ్‌మౌత్ బాస్ బరువు 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే 10 కిలోలకు కాస్త ఎక్కువ. 1932లో అమెరికాలోని జార్జియాలో పట్టిన ఆ చేపకు సమానంగా నిలిచిన చేప 2009లో జపాన్‌లోని బీవా సరస్సులో గాని దొరకలేదు. మామూలు వేటలో డ్రాగ్‌ను దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు బిగిస్తారు. 15 పౌండ్ల దారానికి అది సుమారు 1.7 నుంచి 2.3 కిలోలు. మందపాటి అల్లిక దారంతో దట్టమైన కలుపు మొక్కల్లో వేటాడేవారు ఇంకా గట్టిగా బిగిస్తారన్నది నిజమే గాని, 5 కిలోల డ్రాగ్ సాఫీగా పని చేస్తే మొదటి రీలుకు చాలు. ఆ సాఫీతనాన్ని దుకాణంలోనే పరీక్షించవచ్చు. డ్రాగ్‌ను కొద్దిగా బిగించి, దారాన్ని చేత్తో నిదానంగా లాగండి. మొదట మొండికేసి ఆపైన ఒక్క కుదుపుతో వదిలితే ఆ రీలు వద్దు, ఎందుకంటే దారం తెగేది ఆ కుదుపు దగ్గరే. లాగిన మొదటి అంగుళం నుంచి ఒకే తీరుగా జారాలి.

హ్యాండిల్‌ను ముందుకు తిప్పి ఆపి, చటుక్కున వెనక్కి నెట్టి చూడండి. ఏమాత్రం ఆట ఉండకూడదు. రీలును అరచేతిలో పట్టుకుని పక్క పలకలను నొక్కండి. చవక ప్లాస్టిక్ ఫ్రేములు కిర్రుమంటూ కదులుతాయి, బరువు మీద అవి వంగితే గేర్లు ఒకదానికొకటి సరిగా పట్టుకోవు. బరువు 200 గ్రాములకు అటూ ఇటూగా ఉంటే రోజంతా విసిరినా మణికట్టు నొప్పి పెట్టదు. ఈ పరీక్షలన్నీ అయ్యాక మిగిలిన రెండు మూడు రీళ్లలో మీ అరచేతికి ఇమిడేది ఏదైతే అదే తీసుకోండి, రంగు గురించీ పేరు గురించీ ఆలోచించకండి.

కొనేటప్పుడు మోడల్ నంబరును ఒకటికి రెండుసార్లు చదవండి, ఎందుకంటే ఆన్‌లైన్ దుకాణాల్లో ఎడమ రీలు పేజీలో కుడి రీలు బొమ్మ పెట్టడం, కుడి రీలు పేజీలో ఎడమ రీలు బొమ్మ పెట్టడం మామూలే. షిమానో వారి రీళ్లలో సాధారణంగా చివరి అంకె 0 అయితే కుడి, 1 అయితే ఎడమ. ఉదాహరణకు ఎస్‌ఎల్‌ఎక్స్ 150 కుడి హ్యాండిల్ది, 151 ఎడమ హ్యాండిల్ది. డైవా, ఆబూ గార్సియా రీళ్లలో ఎడమ రకానికి చివర ఎల్ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది.

ప్రశ్న: గేర్ నిష్పత్తి 5.4, 6.3, 7.1, 8.1 అని రకరకాలుగా ఉన్నాయి. ఒకే రీలు కొనేవారు ఏది తీసుకోవాలి?

జవాబు: 7.1:1 అంటే హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే స్పూలు 7.1 సార్లు తిరుగుతుందని అర్థం. కానీ మీకు నిజంగా తెలియవలసింది ఒక్క తిప్పుకు ఎంత దారం లోపలికి వస్తుందన్నది, అది స్పూలు పరిమాణం మీద కూడా ఆధారపడుతుంది. దారం నిండుగా చుట్టిన స్పూలు వ్యాసం 34 మిల్లీమీటర్లు అనుకుందాం. చుట్టుకొలత సుమారు 107 మిల్లీమీటర్లు. 5.4 నిష్పత్తితో ఒక్క తిప్పుకు 58 సెంటీమీటర్లు, 6.3తో 67, 7.1తో 76, 8.1తో 86 సెంటీమీటర్లకు పైగా దారం వస్తుంది. అదే 6.3 రీలులో దారం తగ్గి వ్యాసం 30 మిల్లీమీటర్లకు దిగితే వచ్చేది 59 సెంటీమీటర్లే. స్పూలును సగం ఖాళీగా ఉంచితే, కొన్న వేగంలో కొంత పోగొట్టుకున్నట్టే.

ఒకే రీలుకు 6.3 నుంచి 7.1 మధ్య ఉన్నది తీసుకోండి. రెండూ దొరికితే నేను 7.1 వైపు మొగ్గుతాను. జిగ్, ప్లాస్టిక్ పురుగు, స్పిన్నర్‌బైట్ (గిరగిర తిరిగే రేకు ఉన్న ఎర) వంటి వాటికి వదులు దారాన్ని త్వరగా లాగుకోవడం ముఖ్యం. చేప మీ వైపే ఈదుకొస్తున్నప్పుడు ఆ వేగమే కొక్కెం ఊడకుండా కాపాడుతుంది. వేగం ఎక్కువైన రీలును చేత్తో నెమ్మదిగా తిప్పుకోవచ్చు. నెమ్మది రీలును పరుగెత్తించడం కష్టం. లోతు క్రాంక్‌బైట్లు లాగుతున్నప్పుడు మాత్రం 7.1 చేతికి బరువనిపిస్తుంది. మీ వేటలో అవే ప్రధానమైతే 5.4 లేదా 6.3 తీసుకోవడం న్యాయం. ఎడమ హ్యాండిల్ రకాల్లో అన్ని నిష్పత్తులూ ఎప్పుడూ దొరకవు కాబట్టి, బ్రేకూ డ్రాగూ నచ్చిన రీలు 6.3లోనే దొరికితే 7.1 కోసం నాసిరకం వైపు వెళ్లకండి.

ప్రశ్న: ఒకరు వాడిన ఎడమ చేతి రీలు మంచి బేరానికి వస్తోంది. పేరున్న కంపెనీ, పై స్థాయి మోడల్. తీసుకోవచ్చా?

జవాబు: కొత్త చవక రీలు కన్నా బాగా చూసుకున్న పాత మంచి రీలు మేలు అన్న మాటతో నేను ఏకీభవిస్తాను, అయితే చేతిలోకి తీసుకుని పరీక్షించే అవకాశం ఉంటేనే.

ముందుగా దారం కొసను ఎవరినైనా పట్టుకోమని, కొద్దిపాటి బరువు మీద హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పండి. ఇసుక నలిగినట్టు వేలికి తెలిస్తే గేర్ల పళ్లు అరిగి ఉండవచ్చు. ఖాళీగా తిప్పినప్పుడు ఇది తెలియదు. దారాన్ని స్పూలు మీద అటూ ఇటూ పరిచే గైడును గమనించండి. అది ఒక కొస నుంచి మరో కొసకు ఎక్కడా తడబడకుండా వెళ్లి తిరిగి రావాలి. కొస దగ్గర ఆగి ఒక్క ఉదుటున కదిలితే లోపలి మర గాని, దాని గాడిలో నడిచే చిన్న మేకు గాని అరిగింది. ఆ మేకు మార్చుకోవడం తేలికే, చవకే. మర అరిగితే మాత్రం ఆలోచించండి. గైడు ఉంగరంలో కొద్దిగా దూదిని తిప్పి చూస్తే కంటికి కనపడని పగులు కూడా దూది పోగును పట్టి చూపిస్తుంది. స్పూలు అంచు మీద గోటితో తడమండి. గాటు ఉంటే అది దారాన్ని కోస్తుంది. బొటనవేలి మీట నొక్కి, హ్యాండిల్ తిప్పి, మళ్లీ నొక్కి, క్లచ్ ప్రతిసారీ టక్కున పట్టుకుంటోందా చూడండి. స్పూలు తిరిగేటప్పుడు సన్నగా కీచుమనడం పెద్ద లోపం కాదు, బేరింగు శుభ్రం చేసి ఒక్క చుక్క నూనె వేస్తే చాలావరకు పోతుంది. ఉప్పునీటిలో వాడి కడగకుండా ఉంచిన రీలు అయితే మరలపైన పచ్చటి, తెల్లటి పొక్కులు కనిపిస్తాయి. అలాంటిది ఎంత చవకైనా వద్దు.

ఎడమ రీలుకే ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఉంది. రీలును ముందుకు చుట్టేటప్పుడు హ్యాండిల్ తిరిగే దిశ కుడి రీలుకు అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది. ఆ తిరుగుడుకు నట్టు వదులు కాకూడదని చాలా ఎడమ రీళ్లలో హ్యాండిల్ నట్టుకు తిరగబడ్డ మరలు వేస్తారు. మామూలు నట్టు విప్పే దిశలో తిప్పితే అది ఇంకా బిగుసుకుంటుంది. సంగతి తెలియక బలం ఉపయోగించినవారి చేతిలో మర చెడిపోయి ఉండవచ్చు. నట్టు మూలలు నలిగి గుండ్రంగా మారితే, గతంలో ఎవరో తప్పు దిశలో పోరాడారని అనుకోవచ్చు. మీరు విప్పేటప్పుడు కూడా ముందుగా నట్టు మీది చిన్న తాళపు రేకును తీసి, రీలుతో వచ్చిన భాగాల పటం చూసి, ఆ తర్వాతే పానా పెట్టండి. కుడి రీలు ఫ్రేము, పక్క పలకలు ఎడమ రీలుకు సరిపోవు. పగిలిన పలక ఉన్న రీలును మరో రీలు విడిభాగాలతో బాగు చేసుకుందామనుకుంటే, ఎడమ రకం భాగాలు దొరుకుతున్నాయని నిర్ధారించుకున్నాకే డబ్బు ఇవ్వండి.

ప్రశ్న: ఎడమ హ్యాండిల్ రీలు కొన్నాను. విసిరిన ప్రతిసారీ దారం చిక్కుపడుతోంది. ఎర బరువు 5 గ్రాములు, దారం అల్లిక రకం. రీలులో లోపం ఉందా?

జవాబు: రీలును అనుమానించే ముందు ఎరనూ దారాన్నీ మార్చి చూడండి. 7 గ్రాములకన్నా తేలికైన ఎరలు తక్కువ ధర బేట్‌కాస్టింగ్ రీళ్లకు కష్టం. స్పూలును కదిలించేంత బరువు వాటిలో ఉండదు, మీరు బలంగా విసిరే కొద్దీ స్పూలు ఎర కన్నా ముందు పరుగెత్తుతుంది. తేలిక ఎరలకు మీ పాత స్పిన్నింగ్ రీలునే వాడండి. నేర్చుకోవడానికి 10 నుంచి 14 గ్రాముల బరువు, 12 లేదా 14 పౌండ్ల నైలాన్ తంగూసు తీసుకోండి. అల్లిక దారం వదులైతే తన చుట్లలోకి తానే దిగబడి ముడిపడుతుంది, తంగూసులో పడిన చిక్కును విప్పుకోవడం తేలిక, అది తెగినా నష్టం తక్కువ. తరువాత మళ్లీ అల్లిక దారానికి వెళ్లినప్పుడు స్పూలు అడుగున కొంత తంగూసు చుట్టి దానిపై అల్లిక దారం వేయండి, లేకపోతే నున్నటి స్పూలు మీద దారం మొత్తం జారి గుండ్రంగా తిరుగుతుంది, డ్రాగ్ పాడైందని మీరు పొరబడతారు.

ఎర కట్టిన తర్వాత కర్రను గడియారంలో పది గంటల ముల్లులా పైకెత్తి, బొటనవేలి మీట నొక్కి వదలండి. హ్యాండిల్ పక్కన ఉన్న చిన్న బిగింపు మూతను, ఎర తనంతట తాను నిదానంగా దిగి, నేలను తాకగానే స్పూలు ఒక చుట్టుకు మించి తిరగకుండా ఆగేంత వరకు తిప్పండి. బరువు మారిన ప్రతిసారీ ఈ సర్దుబాటు మళ్లీ చేయాలి. బ్రేకు చక్రాన్ని మొదట గరిష్ఠానికి దగ్గరగా పెట్టి, చిక్కు లేకుండా విసరడం వచ్చాక ఒక్కొక్క గీత చొప్పున తగ్గించండి. దారాన్ని స్పూలు అంచుకు సుమారు 3 మిల్లీమీటర్లు తక్కువగా నింపండి. మరీ అంచు దాకా నింపితే చిక్కు పెరుగుతుంది.

విసురు మెత్తగా, ఒకే ఊపులో ఉండాలి. ఎర నీటిని తాకే ముందే బొటనవేలితో స్పూలును తాకి ఆపండి. చాలా చిక్కులు ఆ చివరి అరక్షణంలోనే పుడతాయి, ఎందుకంటే ఎర నీటి దగ్గర ఒక్కసారిగా ఆగిపోతుంది, స్పూలుకు ఆ సంగతి తెలియదు. గాలికి ఎదురుగా విసరవలసి వస్తే ఎరను తక్కువ ఎత్తున పంపి, బ్రేకును రెండు గీతలు పెంచండి. ఇవన్నీ చేసి, బరువైన ఎరతో, తంగూసుతో కూడా చిక్కు ఆగకపోతే, అప్పుడు పక్క పలక తీసి స్పూలు ఇరుసు వంగిందేమో, సెంట్రిఫ్యూగల్ దిమ్మలు ఊడిపోయాయేమో, అయస్కాంతాల వలయం చక్రంతోపాటు కదులుతోందా అన్నది చూడండి. వీటిలో ఏదైనా తేడా కనిపిస్తే రీలును అమ్మిన వారికి తిరిగి ఇచ్చి వేరేది తీసుకోండి.